మొలక రాలేదా? విత్తనాన్ని తిట్టే ముందు నీళ్లను పరీక్షించండి

మిరప నారు పోసి పన్నెండు రోజులైంది. మడిలో అక్కడొకటి ఇక్కడొకటి తప్ప మొలక లేదు. నాన్న ఖాళీ ప్యాకెట్లు పట్టుకుని విత్తనాల షాపుకు పోయి గొడవ పెట్టుకున్నాడు. "మీ ఊర్లనే ఇంకో నలుగురు గివ్వే తీస్కపోయిన్రు, వాళ్లకు మొలవలేదా?" అని షాపతను అడిగాడు. కనుక్కుంటే వాళ్లకు మొలిచాయి. ప్యాకెట్ అడుగున మిగిలిన పదిహేను గింజల్ని తడిగుడ్డలో చుట్టి, వాననీళ్లు చిలకరించి పెడితే తొమ్మిదో రోజుకు చాలామటుకు మొలకొచ్చాయి. గింజ మంచిదే.

ఆ వారం మా బోరు మోటరు కాలిపోయింది. ఊళ్లోని తాగునీళ్ల ప్లాంటు వెనక పైపులోంచి ఊరికే పోయే నీళ్లను డ్రమ్ముల్లో పట్టుకొచ్చి నారుమడికి పోశాం. తాగునీళ్ల ప్లాంటులో నీళ్లే కదా అనుకున్నాం. ప్లాంటు చేసే పనే నీళ్లను రెండుగా విడదీయడం: మంచివి ముందు పైపుకు, ఉప్పంతా చేరినవి వెనక పైపుకు. మేం తెచ్చింది వెనక పైపువి. తప్పు మాదే. షాపతనికి ఆ మాట చెప్పడానికి నాన్నకు మరో నెల పట్టింది.

మాది వరంగల్ దగ్గర పరకాల వైపు. అప్పటినుంచి నారు పోసే ముందు ఒక చిన్న పరీక్ష చేస్తున్నాం. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. మీకు పొలం లేకపోయినా ఫర్వాలేదు. మేడ మీద టమాట, మెంతికూర వేసుకునేవాళ్లకు, పిల్లల సైన్స్ ప్రాజెక్టుకు కూడా ఇదే పద్ధతి సరిపోతుంది.

ఉప్పు గింజను ఏం చేస్తుంది?

మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే తెల్లారేసరికి అడుగున నీరు ఊరుతుంది. ఆ నీళ్లు మనం పోసినవి కావు, ముక్కలోంచి ఉప్పు లాగినవి. మడిలో గింజకు ఎదురయ్యేది ఈ లాగుడే. ఎండిన గింజ మొలవాలంటే ముందు నీళ్లు పీల్చి ఉబ్బాలి. నీళ్లలో ఉప్పుంటే అది వాటిని తనవైపు పట్టి ఉంచుతుంది, గింజ సులువుగా లాక్కోలేదు. మక్క గింజలో తేమ 30 శాతం దాటితేగానీ మొలక కదలదు, సోయాకైతే 50 శాతం దాకా కావాలి. అంత నీరు చేరేదాకా గింజ అలాగే కూర్చుంటుంది. చేత్తో ముట్టుకుంటే మడి తడిగానే ఉంటుంది, గింజకు మాత్రం దాహం తీరదు.

రెండో దెబ్బ వేరే రకం. ఉప్పులోని సోడియం, క్లోరైడ్ మెల్లగా గింజలోకి చేరి, లోపల దాచిన పిండిని చక్కెరగా మార్చే పనిని కుంటుపరుస్తాయి. తొలివేరు బయటికి వచ్చినా కొన గోధుమరంగుకు తిరిగి ఆగిపోతుంది. మొదటి దెబ్బ తగిలిన గింజను మంచినీళ్లతో కాపాడుకోవచ్చు, రెండోది ముదిరితే కాపాడలేం. మీ గింజకు తగిలింది ఏదో తేల్చే చిట్కా ఒకటుంది, కింద చెప్తాను.

సముద్రం ఇక్కడికి ఎంత దూరం, మన దగ్గర ఉప్పేంటి అని మా ఊళ్లో చాలామంది అడిగారు. వరంగల్, కరీంనగర్ ప్రాంతంలో ఎక్కువ భాగం గ్రానైటు రాతి నేల. బోరు నీళ్లు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని లవణాలను కరిగించుకుంటాయి. చెరువు కింద, కాలువ కింద నీరు బయటికి పోని పల్లపు మడుల్లో ఇంకో సంగతి జరుగుతుంది. ఎండాకాలంలో అడుగు తేమ పైకి ఎక్కి ఆవిరైపోతుంది, అది మోసుకొచ్చిన ఉప్పు పైనే మిగిలిపోతుంది. నేల మీద తెల్లగా పొడి పేరుకుంటే మనవాళ్లు పాలచౌడు అంటారు. నల్లగా, గట్టిగా, నీళ్లు ఇంకకుండా ఉంటే కారుచౌడు. రెండింటికీ మందు వేరు. ఆ తేడా చివర్లో పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

సరంజామా

ఒక కిలో దొడ్డుప్పు ప్యాకెట్. అయోడిన్ ఉప్పయినా నష్టం లేదు, అందులో అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ. ఐదు లీటర్ల డబ్బా, లీటరు నీళ్ల సీసాలు ఐదారు. ఎం.ఎల్. గీతలున్న పిల్లల పాలసీసా ఒకటి. పురుగుమందు కొలిచే మూత మాత్రం వాడకండి, ఎంత కడిగినా దాని గుణం పోదు. పాత నూలు ధోవతి లేదా పాత తువ్వాలు, సబ్బు వాసన లేకుండా రెండుసార్లు ఒట్టి నీళ్లతో ఉతికింది. పాలిథిన్ కవర్లు, రబ్బర్ బ్యాండ్లు, మార్కర్ పెన్ను.

ఇక విత్తనాలు. నేర్చుకోవడానికైతే పెసర్లు మంచివి, రెండు మూడు రోజుల్లో కథంతా చెప్పేస్తాయి. కిరాణా కొట్లో తెచ్చినా పర్లేదు, పెసరపప్పు కాకుండా పొట్టుతో ఉన్న నిండు పెసర్లు తేవాలి. జొన్నలు, మెంతులు కూడా పనికొస్తాయి. బియ్యం మొలవదని వేరే చెప్పక్కర్లేదు, వడ్లే కావాలి. అసలు పరీక్ష మాత్రం మీరు వేయబోయే విత్తనంతోనే చేయాలి. మిరప హైబ్రిడ్ విత్తనం ఖరీదు ఎక్కువే, కానీ 10 గ్రాముల ప్యాకెట్‌లో 1,500కు పైగా గింజలుంటాయి, అందులో రెండు మూడు వందలు పరీక్షకు తీస్తే మడి మీద పెట్టే మొత్తం కాపాడినట్టే. గులాబీ, నీలం రంగు పూసిన గింజలు మందు పట్టించినవి. చేతికి కవరు తొడుక్కుని ముట్టండి, పిల్లలకు అందనీయకండి, వాటి మొలకలు తినకండి, కోళ్లకూ వేయకండి.

టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో అంకెల్లో చూపేది, ఉంటే మంచిది. ఫిల్టర్ బిగించే అబ్బాయి జేబులో ఉంటుందే, పెన్నులాంటిది, అదే. లేకపోయినా పని ఆగదు.

ఉప్పునీళ్లు కలపడం

ఒక్కో సీసాకు ఒక్కో గ్రాము ఉప్పు తూచాలని చూడకండి. కిరాణా కాంటా మీద ఒక గ్రాము తేలదు, చెంచా లెక్క అంతకన్నా నమ్మలేం. దానికి బదులు 50 గ్రాముల ఉప్పు తూయించుకుని, ఐదు లీటర్ల డబ్బాలో వేసి, నీళ్లు ఐదు లీటర్ల గీత దాకా నింపండి. బాగా గిలకొట్టి, ఉప్పు పూర్తిగా కరిగాక ఒక గంట వదిలేయండి. ఇది లీటరుకు 10 గ్రాముల ఉప్పున్న నీరు. నేను దీన్ని చిక్కటి నీళ్లు అంటాను. మిగతావన్నీ దీన్నుంచే పలచన చేసుకోవాలి.

లీటరు సీసాలో చిక్కటి నీళ్లు 100 ఎం.ఎల్. పోసి, పైన మంచినీళ్లతో లీటరు నింపితే 1 గ్రాము నీళ్లు తయారవుతాయి. 200 పోస్తే 2 గ్రాములు, 400 పోస్తే 4 గ్రాములు, 800 పోస్తే 8 గ్రాములు. ఐదో సీసాలో ఒట్టి మంచినీళ్లే. ఇది సాక్షి సీసా, ఇది లేకుండా మిగతా నాలుగూ దండగే. సీసాల మీద ఇప్పుడే రాసేయండి. తర్వాత నాలుక మీద వేసుకుని కనుక్కుందాం అనుకుంటే 1కీ 2కీ తేడా తెలియక మొత్తం పారబోయాల్సి వస్తుంది. నేను పారబోశాను.

ఇక్కడ మంచినీళ్లంటే వాననీళ్లు, లేకపోతే తాగే ఫిల్టర్ నీళ్లు. బోరు నీళ్లతో కలిపితే మీరు వేసిన ఉప్పుకు దాని ఉప్పు తోడై లెక్క తప్పుతుంది.

లీటరుకు 1 గ్రాము ఉప్పు కలిపిన నీళ్లలో పెడితే టీడీఎస్ మీటర్ సుమారు 1,000 చూపాలి. ల్యాబ్ చీటీల్లో ఉప్పును ఈసీ అని రాస్తారు, నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసే కొలత అది. ఆ లెక్కలో ఇది దాదాపు 2. అలాగే 2 గ్రాములకు ఈసీ 4కు కొంచెం తక్కువ, 4 గ్రాములకు 7 పైన, 8 గ్రాములకు 14 దగ్గర. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటుంది కాబట్టి మీ అన్నిటికన్నా ఉప్పటి సీసా కూడా సముద్రంలో నాలుగో వంతు లోపే. గింజకు అదే ఎక్కువని చూస్తారు.

గింజలు పరవడం, చుట్టడం

ఒక్కో నీటికి 100 గింజలు. 25 చొప్పున నాలుగు చుట్టలు చేస్తే ఒక చుట్ట బూజు పట్టినా మిగతా మూడూ దక్కుతాయి. ముక్కిపోయినవి, పగిలినవి ముందే ఏరేయండి. ఇక్కడ చాలామంది తెలియకుండా మోసపోతారు: మంచి గింజలన్నీ మొదటి గుడ్డకు, మిగిలినవి చివరి గుడ్డకు పోతాయి. అన్నీ ఒక పళ్లెంలో కలిపి, చూడకుండా లెక్కపెట్టి తీయండి.

గుడ్డ ముక్కను ఆయా నీళ్లలో ముంచి, కారకుండా పిండండి. గింజల్ని ఒకదానికొకటి తగలకుండా వరసగా పేర్చి, మీద మరో తడి ముక్క కప్పి, చాప చుట్టినట్టు వదులుగా చుట్టండి. పాలిథిన్ కవర్లో పెట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి. కవరు నిండా గాలి ఉండాలి, మొలిచే గింజ ఊపిరి తీసుకుంటుంది. నీళ్లలో మునిగితే ఉప్పు లేకపోయినా చస్తుంది, ఆ పాపం ఉప్పు ఖాతాలో పడుతుంది.

కవరు ఎందుకంటే, ఈ పరీక్షను పాడుచేసేవాటిలో మొదటిది ఎండిపోవడం. గుడ్డలోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. సగం తడి ఆరిందంటే మీ 4 గ్రాముల నీళ్లు కాస్తా 8 గ్రాములయ్యాయన్నమాట. ఎండిందని మళ్లీ ఉప్పునీళ్లే చల్లితే ఉప్పు ఇంకా పెరుగుతుంది. ఆరిన మేరకు మంచినీళ్లు చిలకరించాలి. నారుమడిలో జరిగేదీ ఇదేనని మాకు ఆలస్యంగా తెలిసింది. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం పోసిన ఉప్పటి నీళ్లు రోజూ ఆవిరవుతూ, ఉప్పును పై పొరలోనే వదులుతాయి. మిరప గింజను పెట్టేది అరంగుళం లోపు లోతులో, అంటే ఉప్పు పేరుకునే చోటే.

కవర్లన్నీ ఒకేచోట, నీడలో పెట్టండి. 25 నుంచి 30 డిగ్రీల వేడి సరిపోతుంది. మన మే నెలలో గది కూడా కాగిపోతుంది కాబట్టి మంచినీళ్ల కుండ పక్కన పెట్టండి. డిసెంబరులో మిరప గింజ చలికి ముడుచుకుంటుంది, వంటింట్లో పెట్టాలి. ఒక కవరు కిటికీ దగ్గర, ఒకటి ఫ్రిజ్ మీద పెట్టారంటే మీరు చూసేది వేడి తేడా, ఉప్పు తేడా కాదు.

లెక్కపెట్టడం

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తెరిచి చూడండి. తొలివేరు 2 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజంత బయటికి వస్తే మొలిచినట్టు లెక్క. ఏ రోజు ఎన్ని మొలిచాయో రాసుకోండి. చివరి సంఖ్య ఒక్కటే రాస్తే సగం విషయం పోతుంది, ఎందుకంటే ఉప్పు చాలాసార్లు గింజను చంపదు, ఆలస్యం చేస్తుంది. సాక్షి గుడ్డలో పెసర్లు రెండో రోజుకే దాదాపు అన్నీ పగిలితే 4 గ్రాముల గుడ్డలో ఇంకో రోజు పట్టొచ్చు. పొలంలో ఆ ఒక్క రోజు ఆలస్యం చీమకూ, బూజుకూ, పిట్టకూ ఇచ్చిన గడువు.

ఎన్నాళ్లు ఆగాలి? విత్తన పరీక్ష కేంద్రాల పద్ధతి ప్రకారం చివరి లెక్క పెసరకూ మక్కకూ 7వ రోజు, జొన్నకు 10వ రోజు, వరికీ మిరపకూ టమాటకూ 14వ రోజు. ఆలోపే గింజ చెడ్డదని తేల్చేయకండి.

చివరి రోజు ఒక స్కేలు తీసుకుని ఒక్కో చుట్టలో పది మొలకల వేరు పొడవు కొలవండి. నా మటుకు అన్నిటికన్నా నిజం చెప్పేది ఈ కొలతే. 2 గ్రాముల నీళ్లలో మొలక శాతం సాక్షితో సమానంగా ఉండొచ్చు, వేరు మాత్రం పొట్టిగా ఉంటుంది. 8 గ్రాముల్లో మామూలుగా మొలిచేవి బాగా తగ్గుతాయి, మొలిచినవాటికి కూడా వేరు కొన మాడినట్టు ఉండి, పక్కవేర్లు రావు. అలాంటివాటిని మొలిచినవాటి కింద రాయకండి, మడిలో అవి మొక్కలు కావు.

ఇప్పుడు నేను ముందు చెప్పిన చిట్కా. మొలవని గింజలను పారేయకండి. వేలితో నొక్కితే మెత్తగా చితికి, వాసనొచ్చేవి చచ్చినవి. గట్టిగా ఉన్నవాటిని మంచినీళ్లతో మూడుసార్లు కడిగి, మంచినీళ్ల గుడ్డలో మళ్లీ చుట్టి ఆ పంటకు చెప్పిన రోజులు ఆగండి. మొలిచాయంటే ఉప్పు వాటికి నీళ్లు అందనివ్వలేదు, అంతే. మడిలో కూడా ఒక మంచి వాన పడితే లేస్తాయి. కడిగినా లేవకుండా కుళ్లిపోతే ఉప్పు లోపలికి దిగినట్టు. నారుమడిని దున్నేయాలా, ఇంకో నాలుగు రోజులు ఆగాలా అన్న టెన్షన్‌కు ఇంతకన్నా తేలికైన జవాబు నాకు తెలియదు. మడిలోంచి మొలవని గింజలు పది తవ్వితీసి, కడిగి చూసుకోండి చాలు.

అసలు పని: మీ బోరు నీళ్లు

పైన చేసింది చేయి తిరగడానికి. ఇప్పుడు మూడే రకాల నీళ్లు, ఒక్కోదానికి అవే వంద గింజలు: ఒకటి వాననీళ్లు, ఒకటి బోరు నీళ్లు, ఒకటి సగం సగం. బోరు ఆన్ చేసిన వెంటనే పట్టకండి, పావుగంట నడిచాక పట్టండి. ఒకే బోరు నీళ్లు వానాకాలంలో ఒకలా, ఏప్రిల్‌లో ఒకలా ఉంటాయి, అందుకే నారు పోసే పదిహేను రోజుల ముందు పట్టిన నీళ్లే లెక్క.

టీడీఎస్ మీటర్ ఉండగా ఇదంతా ఎందుకని అడగొచ్చు. మీటర్ ఎంత ఉప్పుందో చెప్తుంది, ఏ ఉప్పుందో చెప్పదు. మనం కలిపింది ఒట్టి సోడియం క్లోరైడ్. బోరులో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు అన్నీ కలిసి ఉంటాయి. కాల్షియం ఉంటే సోడియం దెబ్బ కొంత తగ్గుతుంది. కాబట్టి మీటర్ మీద ఒకే అంకె చూపే రెండు బోర్లు గింజకు ఒకటి కాకపోవచ్చు. అయినా మీటర్ అంకె దారి చూపిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాడే కొలత ప్రకారం సాగునీటి ఈసీ 0.7 లోపు, అంటే టీడీఎస్ 450 లోపు ఉంటే చింత లేదు. ఈసీ 3 దాటితే, అంటే టీడీఎస్ 2,000 దాటితే గట్టి జాగ్రత్త కావాలి. మధ్యలో ఉన్నవాళ్లే మనలో ఎక్కువ, వాళ్లకే ఈ గుడ్డ పరీక్ష.

లెక్క ఇలా చూడండి. వాననీళ్లలో 92, బోరు నీళ్లలో 78 మొలిస్తే, 78ని 92తో భాగించాలి, 85 శాతం వస్తుంది. అంటే మొలిచే సత్తా ఉన్న గింజల్లో నీళ్ల వల్ల నూటికి పదిహేను పోయాయి. వందలో ఎనిమిది గింజ సొంత లోపం, వాననీళ్లలో కూడా మొలవనివి. వందలో నాలుగైదు గింజల తేడాను పట్టించుకోకండి, అది అదృష్టం మీద పోతుంది. పది దాటితే నమ్మండి. వాననీళ్లలోనే తక్కువ మొలిస్తే అప్పుడు షాపుకు పోవచ్చు, కానీ పోయే ముందు ధ్రువీకరణ విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం తెలుసుకుని పోండి: వరికి 80, హైబ్రిడ్ మక్కకు 90, పెసరకు 75, పల్లికి 70, మిరపకు 60. మిరపలో వందకు అరవై మొలిస్తే నిబంధన ప్రకారం అది మంచి విత్తనమే. ఆ రోజు నాన్నకు ఈ ముక్క తెలిసుంటే గొంతు అంత పెంచేవాడు కాదు.

మట్టి సంగతి త్వరగా చెప్పేస్తాను. నారుమడి పై రెండు అంగుళాల మట్టిని ఆరబెట్టి, ఒక గ్లాసు మట్టికి రెండున్నర గ్లాసుల వాననీళ్లు పోసి, అరగంట కలుపుతూ ఉండి, తేరుకున్నాక మీటర్ పెట్టండి. భూసార పరీక్ష చీటీలో రాసే ఈసీ కూడా దాదాపు ఈ పద్ధతిదే. అందులో ఈసీ 1 లోపు మంచిది, 1 నుంచి 2 మధ్య మొలకకు గడ్డు. చీటీ మీద నత్రజని, భాస్వరం చూసి పక్కన పెట్టేస్తాం, ఈ గడి మీద కన్ను పడదు. వరంగల్ ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం, జగిత్యాల దగ్గర పొలాసలోని కేంద్రం, మామునూరు, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాలు మనకు దగ్గర. అనుమానం గట్టిపడితే అక్కడి శాస్త్రవేత్తలను అడగండి.

ఉప్పంటే ఉప్పు ప్యాకెట్టే కాదు. పొటాష్ ఎరువు రసాయనంగా చూస్తే వంటింటి ఉప్పుకు తమ్ముడే, సోడియం బదులు పొటాషియం అంతే. మక్క, పత్తి గింజ పక్కనే అడుగుమందు, అంటే విత్తేటప్పుడు వేసే ఎరువు, గుప్పెడు వేస్తే, మంచినీళ్లు కట్టినా ఆ గింజ ఉప్పునీళ్లలో ఉన్నట్టే. యూరియా అయితే అమ్మోనియా సెగ కూడా తోడవుతుంది. గింజకూ మందుకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. పచ్చి కోళ్ల ఎరువు కూడా ఇలాంటిదే.

నీళ్లు ఉప్పగా ఉన్నాయని తేలితే

నారుమడికి కావాల్సిన నీళ్లు తక్కువ, పొలమంతటికీ కావాల్సినవి ఎక్కువ. కాబట్టి మొదటి పదిహేను రోజులకు మాత్రం చెరువు నీళ్లో, కాకతీయ కాలువ నీళ్లో, వాననీళ్లో ట్యాంకర్‌తోనైనా తెచ్చుకోవడం దండగ కాదు. అది కుదరకపోతే సగం సగం కలపండి, పరీక్షలో మూడో రకం నీళ్లు పెట్టించింది ఇందుకే. విత్తే ముందు మడిని ఒకసారి మంచినీళ్లతో నిండా తడిపి, ఆ నీరు కిందికో పక్కకో పోయే దారి ఇస్తే పై పొర ఉప్పు కడుక్కుపోతుంది. దారి లేని పల్లంలో ఎంత పోసినా ఉప్పు మళ్లీ పైకే వస్తుంది. విత్తాక వరిగడ్డి పలచగా కప్పండి, ఆవిరి తగ్గితే ఉప్పు ఎక్కడం తగ్గుతుంది. బోదెల మీద వేసే పంటకు గింజను బోదె నెత్తిన పెట్టకండి, సాల్లోంచి ఎక్కిన తేమ ఉప్పును తెచ్చి నెత్తినే దించుతుంది. బోదె పక్క వాలులో పెట్టండి.

చౌడు అనగానే జిప్సం చల్లేవాళ్లున్నారు. జిప్సం కారుచౌడుకు మందు, అక్కడ మట్టికి పట్టిన సోడియాన్ని అది వదిలిస్తుంది. పాలచౌడుకు కావాల్సింది కడగడం, జిప్సం వేస్తే ఇంకో ఉప్పు చేర్చినట్టే. పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు, దాటిందా లేదా చీటీలో చూసి నిర్ణయించుకోండి.

పంట మార్చుకునే వీలుంటే ఓర్పు చూసుకోండి. మట్టి పూర్తిగా తడిసినప్పటి ఈసీ ఎంత దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందో లెక్కలున్నాయి: పత్తికి 7.7, జొన్నకు 6.8, సోయాకు 5, వరికి 3, మక్కకు 1.7, మిరపకు 1.5, ఉల్లికి 1.2. ఇవి పెరిగే పంట లెక్కలు, మొలక లెక్కలు కావు. వరి సంగతి చూడండి. మొలిచేటప్పుడు ఉప్పును బాగానే తట్టుకుంటుంది, రెండు మూడు ఆకులు వేశాక నారు దశలో, మళ్లీ పూత దశలో తట్టుకోలేదు. గుడ్డలో వడ్లు బాగా మొలిచాయని ఆ నీళ్లకు పూర్తి మార్కులు వేయొద్దు.

ఉప్పునీళ్లు పనికొచ్చే చోటు

ఇంత తిట్టాక ఉప్పుకు ఒక మంచి మాట. మండె కట్టే ముందు, అంటే వడ్లను నానబెట్టి మొలకకు మూటగట్టే ముందు, వాటిలో తాలు తీయడానికి ఉప్పునీళ్లను మించింది లేదు. పది లీటర్ల నీళ్లలో సుమారు కిలోన్నర ఉప్పు కరిగించి, తాజా కోడిగుడ్డు వేయండి. గుడ్డు తేలి, పాత పావలా బిళ్లంత పెంకు నీళ్ల పైకి కనిపించాలి. కనిపించకపోతే ఇంకొంచెం ఉప్పు వేయండి. గుడ్డు తాజాదో కాదో ముందు ఒట్టి నీళ్లలో చూడాలి, అడుగున పక్కకు పడుకోవాలి. పాతబడిన గుడ్డులో గాలి చేరి తక్కువ ఉప్పుకే తేలి మోసం చేస్తుంది. ఒక్కోసారి రెండు మూడు కిలోల వడ్లు పోసి, కలిపి, తేలినవి తీసేయండి. మునిగినవి నిండు గింజలు.

ఈ నీళ్లు లీటరుకు 150 గ్రాములు, మన 8 గ్రాముల సీసాకు ఇరవై రెట్ల దగ్గర. అయినా గింజకు ఏమీ కాదు, ఎందుకంటే అది లోపల ఉండేది కొన్ని నిమిషాలే, నీరు పీల్చుకునే టైమే ఉండదు. ఫోన్ వచ్చిందని వదిలేసి పోతే మాత్రం వేరే కథ. వెంటనే తీసి మూడు నీళ్లలో కడగాలి. కడిగిన మూడో నీళ్లు నాలుకకు ఉప్పగా తగలకపోతే అప్పుడు నానబోయండి. గుడ్డును కడిగి కూరలో వేసుకోవచ్చు.

మిగిలిన ఉప్పునీళ్లను మోరీలో పోయండి. ఐదు లీటర్ల డబ్బాలో మిగిలిన చిక్కటి నీళ్లను నేను ఒకసారి ఇంటి ముందు మందార మొదట్లో గుమ్మరించాను. వారానికి ఆకుల అంచులు మాడాయి. మా అమ్మ ఇప్పటికీ నేను సీసాలు తీయగానే వెనకాలే వచ్చి నిలబడుతుంది.